ఒంటికిర్రు ఎల్లమంద

అప్పుడెప్పుడో, మన తాతల తాతలకు ఇంకా మీసం మొలవని రోజుల్లో, కొండకి బాట లేని రోజుల్లో, ఉన్న బాటకి బండి లేని రోజుల్లో, తంగేళ్ళపాలెం అనే ఊరు ఉండేది. ఆ ఊరి చివర మాదిగపల్లెలో ఎల్లమంద అనే చెప్పులు కుట్టే ఆయన ఉండేవాడు. దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది నింపాదిగా చెప్పే కథ కాదు. మొదలుపెడితే నాకే కాళ్ళు ఒకచోట నిలవవు.

ఎల్లమందకి ఉన్న ఆస్తి మూడు వస్తువులు. తోలు కుట్టడానికి ఒక ఆరె, కొయ్యడానికి ఒక రంపె, కొట్టడానికి ఒక గూటం. భార్య కోటమ్మ కూడా ఉంది గానీ, ఆమెని ఆస్తిలో కలిపితే ఊరుకునే మనిషి కాదు.

ఊళ్ళో ఎవరి కాలికి చెప్పు కావాలన్నా ఎల్లమందే కుట్టాలి. ఆయన కాలికి మాత్రం చెప్పు లేదు. పెద్దవీధిలో ఆ పల్లెవాళ్ళు చెప్పులు తొడుక్కుని నడవకూడదు. అది ఆనాటి కట్టుబాటు. నడవకూడని వీధులు పోగా మిగిలినవి పొలంగట్లే కదా అని ఆయన తనకోసం కుట్టుకోవడమే మానేశాడు. ఊరందరి కొలతలూ ఆయనకి తెలుసు, తన పాదం కొలత తనకి తెలియదు. అదీ ఎల్లమంద.

ఆయన పనితనం చూడాలంటే కిర్రు చెప్పులు చూడాలి. మీకు తెలియదు లెండి, మీరు పుట్టేటప్పటికే రబ్బరు వచ్చేసింది. రెండు తోలు అట్టల నడుమ ఎండిన తోలుముక్కని వదులుగా పెట్టి కుడితే, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా ఆ చెప్పు పలుకుతుంది. కిర్రు, కిర్రు, కిర్రు. ఆ చప్పుడికి దారిలో ఉన్న పురుగూ పుట్రా పక్కకి తప్పుకుంటాయి. మనుషులు కూడా తప్పుకునేవాళ్ళు. ఎందుకంటే ఆ చెప్పులు తొడిగేది మునసబులు, కరణాలు, వాళ్ళ వెనక తిరిగే పెద్దమనుషులు. కిర్రుమంటే చాలు, ఏడ్చే పిల్లలు నోరు మూసుకునేవాళ్ళు.

అలా ఉండగా ఆ పల్లెకి సువార్త వచ్చింది. సువార్తతో పాటు ఉపదేశి తీతు గారు వచ్చారు. ఆయన తెల్లదొర కాదు, మన మనిషే. దొర ఎక్కడో పట్నంలో ఉండి ఏడాదికోసారి కనపడేవాడు. పల్లెలో ఉండి పిల్లలకి చదువు చెప్పింది, పెద్దలతో ప్రార్థన చేయించింది, కురుపులకి మందు రాసింది తీతు గారే. ఆయన పాదంలో చిన్నప్పుడు విరిగిన తుమ్మముల్లు ఒకటి లోపలే ఉండిపోయింది. చెప్పు లేకుండా పది బారలు నడిస్తే పాదం ఉబ్బిపోయేది.

ఎల్లమంద నమ్ముకున్నాడు. ఊరికే నమ్మడం కాదు, నిలువునా నమ్ముకున్నాడు. తనలాంటివాణ్ణి దేవుడు వెతుక్కుంటూ వచ్చాడన్న మాట విన్నరోజు అన్నం మానేసి నవ్వుతూ కూర్చున్నాడట. బాప్తిస్మంలో అంద్రెయ అని పేరు పెట్టారు. కోటమ్మ ఆ పేరుతో ఒకసారి పిలిచి చూసి, ఎవరో పరాయి మగాణ్ణి పిలిచినట్టుందని మళ్ళీ ఎత్తలేదు.

ఇక పట్టుకున్నాడు తీతు గారిని. నేను కూడా దేవుడి పని చేస్తానన్నాడు. సరే అని తీతు గారు పలక చేతికిచ్చారు. మూడు నెలలు కూర్చున్నా అక్షరం రాలేదు. పోనీ పాటలు పాడమన్నారు. ఎల్లమంద గొంతెత్తితే దొడ్లో మేకలు కంచె దూకి పోయాయి, వాటిని తోలుకు రావడానికి పల్లెంతా పరిగెత్తింది. పోనీ నలుగురి ముందు నిలబడి నీ సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాడు. చెమట కారింది, నాలుక ఎండింది. నలుగురి మొహాలూ చూసి మళ్ళీ కూర్చున్నాడు.

చదువు రాలేదు, పాట రాలేదు, మాట రాలేదు. ఎల్లమందకి దుఃఖం పొర్లుకొచ్చింది.

తీతు గారు ఆయన పక్కన నేలమీదే కూర్చుని అడిగారు. "నీ చేతిలో ఏముంది ఎల్లమందా?"

"ఆరె ఉందయ్యగారూ."

"దాంతోనే చెయ్యి."

అంతే. ఆ మాట పట్టుకుని మనిషి గాలిలో తేలాడు. అప్పటికే తీతు గారు కొండమీద ఇప్పలగూడేనికి పోవాలని అనుకుంటున్నారు. ఆ గూడెంవాళ్ళు మందు ఎరుగరు, బడి ఎరుగరు, మంచిమాట చెప్పడానికి పోయినవాళ్ళు లేరు. దారినిండా పాములు. అయితే అయ్యగారికి కిర్రు చెప్పులు కుడతాను, పాములు తప్పుకుంటాయి అన్నాడు ఎల్లమంద. మంచి తోలు ఏరాడు, తంగేడు చెక్క నీళ్ళలో నానేశాడు, ఎండేశాడు, గూటంతో కొట్టాడు, ఒక్కో కుట్టుకీ ఒక్కో ప్రార్థన చెప్పుకుంటూ కుట్టాడు. మునసబు మనిషి ఒకడు అటుగా పోతూ ఆగి, ఈ కిర్రు ఎవడి కాళ్ళకి అని గద్దించాడు. ఎల్లమంద తలెత్తకుండా, దేవుడి పనిమీద తిరిగే కాళ్ళకి అన్నాడు. ఆ రోజుల్లో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో మీకు చెప్పినా అర్థం కాదు.

మొదటిసారి తీతు గారు కొండెక్కారు. కిర్రు, కిర్రు, కిర్రు. ఒక్క పామూ ఎదురు రాలేదు. గూడెం చేరారు. పొయ్యిలో నిప్పుంది, కుండలో గంజి ఉంది, మనిషి మాత్రం లేడు. పొద్దు వాలేదాకా కూర్చుని దిగి వచ్చేశారు.

ఎల్లమంద ఆలోచించాడు. తల గోక్కున్నాడు. అయ్యగారు వస్తున్నట్టు వాళ్ళకి తెలియలేదేమో, తెలిస్తే ఉండేవాళ్ళు కదా, చప్పుడు చాల్లేదేమో అనుకున్నాడు. నవ్వకండి, ప్రేమతోనే అనుకున్నాడు. కుట్లు విప్పి, రెండు చెప్పుల్లోనూ ఇంకో తోలుముక్క వేసి, కిర్రు రెట్టింపు చేశాడు. ఇప్పుడు ఆ చెప్పులు అడుగేస్తే అర కోసు దూరం వినపడుతుంది.

రెండోసారి తీతు గారు కొండెక్కారు. కిర్రు, కిర్రు, కిర్రు. గూడెం చేరారు. పొయ్యిలో నిప్పుంది, కుండలో గంజి ఉంది, మనిషి మాత్రం లేడు. ఈసారి కుక్కలు కూడా లేవు.

మూడోసారి ఎల్లమంద తానే అయ్యగారి మూట నెత్తిన పెట్టుకుని వెంట నడిచాడు. కిర్రు, కిర్రు, కిర్రు. గూడెం చేరారు. పొయ్యిలో నిప్పుంది, కుండలో గంజి ఉంది. మనిషి ఒకరున్నారు.

కళ్ళు లేని ముసలమ్మ. పేరు ఈదమ్మ. గుడిసెలో ఒక మూల, చిన్న మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో కప్పి వణుకుతూ కూర్చుంది. అడుగుల చప్పుడు వినపడగానే దండం పెట్టింది. మా వాళ్ళు అడవిలోకి పోయారయ్యా, పిల్లకి జ్వరమని నేను ఉండిపోయాను, గుడ్డిదాన్ని, నన్ను లాక్కుపోయినా మీకు ఏ పనీ చెయ్యలేను అంది.

ఎల్లమంద ఆమె ముందు కూలబడి, నిన్ను ఎవరు లాక్కుపోతారమ్మా అని అడిగాడు. ఈదమ్మ చెయ్యి చాచి ముందు ఆయన పాదం తడిమింది. ఒట్టి పాదం, పగుళ్ళ పాదం. అప్పుడు గాని ఆమె ఊపిరి తీసుకోలేదు.

"నువ్వు కాదయ్యా. ఆ కిర్రు చెప్పులోళ్ళు. అడవి గుత్తదారు మనుషులు. కిర్రుమంటా వస్తారు, మా మొగోళ్ళని ఎదురుబొంగులు నరకను ఎట్టిచాకిరికి తోలకపోతారు. పోయినోళ్ళలో సగం మంది తిరిగి రారు. ఆ చప్పుడు ఇంటే పిలకాయలు గూడా అన్నం వదిలేసి పరిగెత్తుతారు."

ఎల్లమందకి సంగతి అర్థమైంది. తన చేతులతో, ఒక్కో కుట్టుకీ ఒక్కో ప్రార్థనతో కుట్టిన చెప్పులే ఈ జనాన్ని అడవిలోకి తరిమాయి. ఒకసారి కాదు, మూడుసార్లు. పైగా తను చప్పుడు పెంచాడు. సిగ్గుతో ఆయన ఈదమ్మ ముందే తల వంచుకుని కూర్చున్నాడు.

ఇంతలో తీతు గారు పిల్లమీద కొంగు తీశారు. ఒళ్ళంతా పొక్కులు. మశూచి. ఈ పిల్లతో కలిసి తిన్నవాళ్ళు, ఆడినవాళ్ళు అందరూ ఇప్పుడు అడవిలో ఉన్నారు. టీకా వేయకపోతే నెల తిరిగేసరికి ఈ గూడెంలో పొయ్యి వెలిగించే చెయ్యి ఉండదు. టీకా వేయడం ఆ చుట్టుపక్కల తెలిసింది తీతు గారొక్కరికే. పట్నం ఆసుపత్రిలో నేర్చుకున్నారు.

ఇక చూడండి పరుగు. తీతు గారు అటునుంచి అటే పట్నం పోయారు. ఎల్లమంద కొండ దిగి ఇంటికి పోయి, తిండి సరిగా తినకుండా వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. అయిదో రోజు మధ్యాహ్నం తీతు గారు వచ్చారు. సన్నటి గాజుగొట్టాల్లో మందు, దానికి తడిగుడ్డ, ఆ గుడ్డకి కుండ. ఎండకి ఆ మందు మూడు రోజులే బతుకుతుంది. దారిలోనే రెండు రోజులు పోయాయి. ఇక మిగిలింది రేపు ఒక్కరోజు.

చెప్పులు విప్పేసి పోతానన్నారు తీతు గారు. ఎల్లమంద ఒప్పుకోలేదు. ఒట్టి కాళ్ళతో మీరు మొదటి వాగు దగ్గరే కూలబడతారన్నాడు. అయితే కిర్రు లేని చెప్పులు తొడుక్కుంటానన్నారు. ఈదమ్మ ఎంత చెప్పినా, చెప్పుల కాలు ఏదైనా సరే కంటపడితే వాళ్ళు పరిగెత్తుతారన్నాడు. మరి ఏం చేద్దామని తీతు గారు అడిగారు. నలుగురి ముందు నోరు పెగలని ఎల్లమంద అప్పుడు చెప్పాడు.

"నేను ముందు పోతానయ్యగారూ. ఒట్టి కాళ్ళోణ్ణి చూసి పారిపోరు. మీరు ఎప్పటి దారిన చుట్టూ తిరిగి రాండి, నేను పాముల బోడు మీద అడ్డంగా పోయి వాళ్ళని పోగేస్తా. మీ చేతిలో మందుంది. మీ కాలికి ఏమన్నా అయితే ఆ మందు ఎందుకూ పనికిరాదు. నా కాలిదేముంది."

పాముల బోడు అంటే బోడికొండ. ఎండిన గడ్డి, పగిలిన రాళ్ళు, రాయి రాయికీ ఒక కన్నం. గొర్రెలు కూడా ఎక్కవు. ఇప్పలగూడేనికి అదే అడ్డదారి.

తెల్లవారి బయల్దేరే ముందు ఎల్లమంద ఒక పని చేశాడు. అయ్యగారి చెప్పులు ముందు పెట్టుకుని, ఎడమదాని కుట్లు విప్పి, కిర్రుముక్కలు తీసేసి, ఆముదం పట్టించి మళ్ళీ కుట్టాడు. తొడిగి నడిచి చూపించమన్నాడు. కుడికాలు కిర్రుమంది. ఎడమకాలు పలకలేదు. మళ్ళీ కుడికాలు కిర్రుమంది. గుత్తదారు మనుషులకి రెండు కాళ్ళూ అరుస్తాయి, మీకు ఒక్కటే అరుస్తుంది, ఈ తేడా నేను పోయి వాళ్ళకి చెబుతాను అన్నాడు.

కోటమ్మ గడపలో నిలబడింది. ఉన్న తోలుతో ఒక జత గబగబా కుట్టుకుని పొమ్మంది.

"చెప్పుల కాలు చూస్తే వాళ్ళు నిలబడరు కోటమ్మా."

ఆమె లోపలికి పోయి గిన్నె తెచ్చింది. ఆయన పాదాలకి ఆముదం తనే రాసింది. ఎప్పుడూ లేనిది, వంగి రాసింది.

పోయాడు ఎల్లమంద. అబ్బ, ఆ పోవడం చూడాలి! తుమ్మకంప దాటాడు, ఎండిన వాగు దాటాడు, బోడు ఎక్కాడు. మొదటి మలుపులో జెర్రిపోతు అడ్డం వచ్చింది. పో తల్లీ అన్నాడు, పోయింది. రెండో మలుపులో నాగుపాము పడగ ఎత్తి నిలబడింది. ఎల్లమంద రాయిలా నిలబడ్డాడు. ఎండ నెత్తిమీద కాలుతోంది, చెమట కళ్ళలోకి కారుతోంది, రెప్ప వేయలేదు. దానికే విసుగొచ్చి పడగ దించి పక్కకి పోయింది. మళ్ళీ పరుగు. మూడో మలుపులో ఎండుగడ్డి కింద రక్తపింజర ఉంది. ఆయన దాన్ని చూడలేదు. అది ఆయన్ని విడిచిపెట్టలేదు.

కిర్రు చెప్పులు ఉండి ఉంటే అది ఎప్పుడో తప్పుకునేది. లోకానికంతా కిర్రు కుట్టినవాడు ఆయన.

తలగుడ్డ చింపి పిక్కకి బిగించి కట్టాడు. నిలబడి వెనక్కి చూశాడు. అడుగున తంగేళ్ళపాలెం చింతచెట్లు కనిపిస్తున్నాయి. అక్కడ కోటమ్మ ఉంది, పాముకాటుకి ఆకుపసరు పోసేవాళ్ళున్నారు. ముందుకి చూశాడు. ఇప్పలగూడెం పొగ కనిపిస్తోంది. వెనక్కి ఎంత దూరమో ముందుకీ అంతే దూరం. ఆయన భయపడలేదని కొందరు చెబుతారు. నేనలా చెప్పను. భయపడ్డాడు, ఏడ్చాడు, కోటమ్మని తలుచుకున్నాడు. ఏడుస్తూనే ముందుకి నడిచాడు.

కాలు బరువెక్కింది, నడిచాడు. కాలు నల్లబడింది, నడిచాడు. పళ్ళ చిగుళ్ళనుంచి నెత్తురు వచ్చింది, తుడుచుకుని నడిచాడు. గూడెం కనపడగానే బండమీద కాపలా ఉన్న కుర్రవాళ్ళు అటు తిరిగారు. ఒట్టి కాళ్ళ మనిషి, అందులోనూ కుంటుతూ వస్తున్న మనిషి. ఎవరూ పారిపోలేదు. ఈదమ్మ గుడిసె ముందు పడిపోయిన ఆయన్ని నలుగురు పట్టుకుని కూర్చోబెట్టారు. ముసలమ్మ ఆయన పాదం తడిమి వాపు చూసి, వేరు నూరమని కేకేసింది.

వేరు తర్వాత, ముందు మాట వినమన్నాడు ఎల్లమంద. గూడెంలో ఉన్నవాళ్ళంతా చుట్టూ చేరారు. నలుగురు కాదు, నలభై మంది. ఆయన నాలుక ఎండిపోయే ఉంది. ఈసారి విషంతో ఎండింది. అయినా మాట వచ్చింది.

"నేను చెప్పులు కుట్టేవోణ్ణి. మూడుసార్లు మిమ్మల్ని అడివికి తరిమింది నేను కుట్టిన చెప్పులే. తెలవక చేశా, మన్నించండి. ఇయ్యాల ఒక మనిషి వస్తన్నాడు. రెండు కాళ్ళూ కిర్రుమంటే అడివిలోకి పోండి, నేనొద్దనను. ఒక్క కాలే కిర్రుమంటే పారిపోబాకండి. ఎదురు పోండి. ఆయన చేతిలో మీ పిలకాయల పానం ఉంది."

గూడెం పెద్దాయన అనుమానపు మనిషి. ఎన్నిసార్లు మోసపోయాడో పాపం. చెప్పుల మనిషిని మేమెట్టా నమ్మేది, నీకు ఇందులో వచ్చేదేంది అని అడిగాడు.

"నాకోసం ఒకాయన కాళ్ళకి మేకులు కొట్టించుకున్నాడయ్యా," అన్నాడు ఎల్లమంద. "ఆయన మాట మీకు చెప్పాలని నాకు ఆశ. చదువు రాదు, పాట రాదు. నడవను వచ్చు. నడిచొచ్చా."

గూడెం పెద్ద ఇంకా ఏదో అనబోయాడు. ఈదమ్మ చేతికర్ర నేలమీద కొట్టింది. నమ్మమనే మనిషి ఒట్టి కాళ్ళతో బోడు దాటి, పాముకాటుతో వచ్చాడు, ఇంతకంటే ఏం కావాలిరా నీకు అని తిట్టిపోసింది. పెద్దాయన తలదించుకుని, అడవిలో దాక్కున్న మిగిలిన వాళ్ళని పిలుచుకు రమ్మని మనుషుల్ని పంపాడు.

వేరు నూరి పోశారు, కాలికి పట్టు వేశారు. విషం ఆగలేదు. ఎల్లమంద ఈదమ్మ గుడిసె గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చూపు పోయింది. ఇప్పుడు ఇద్దరూ చూపు లేనివాళ్ళే. ఇద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు.

పొద్దు పడమటికి వాలింది. గాలి ఆగింది. కింద మలుపులోంచి వచ్చింది.

కిర్రు.

పిల్లలు లేచారు. తల్లులు చేతులు పట్టుకున్నారు. ఒక కుర్రవాడు అడవివైపు నాలుగడుగులు వేసి, ఎల్లమంద వైపు చూసి నిలబడిపోయాడు. రెండో కిర్రు వెంటనే వస్తే గుత్తదారు మనిషి. రాకపోతే ఉపదేశి.

రాలేదు. ఒక అడుగంత ఖాళీ. ఆ తర్వాత, కిర్రు. మళ్ళీ ఒక అడుగంత ఖాళీ. మళ్ళీ, కిర్రు.

"వచ్చిందా?" అని అడిగాడు ఎల్లమంద.

"వస్తోంది నాయినా. ఒక్క కాలే," అంది ఈదమ్మ.

"పారిపోతన్నారా?"

ముసలమ్మ చెవి పెట్టి వింది. ఎన్నో పాదాలు, పెద్దవీ చిన్నవీ, దడదడా దిగుతున్నాయి. జీవితమంతా ఆ చప్పుడికి దూరంగా పోయిన పాదాలే, మొదటిసారి దానికి ఎదురు పోతున్నాయి.

"లేదు నాయినా. ఎదురు పోతన్నారు."

ఎల్లమంద నవ్వాడు. ఆ నవ్వుతోనే పోయాడు.

కింద మలుపులో తీతు గారు ఇంకో ఖాళీ గూడెం చూడడానికి గుండె దిటవు చేసుకుని వస్తున్నారు. గూడెం గూడెమంతా ఎదురు పరిగెత్తుకుంటూ వస్తుంటే ఆయన మందుకుండ గుండెకి హత్తుకుని దారిలోనే మోకరించారు. పైకి వచ్చాక సంగతి తెలిసింది. ఎల్లమందని పట్టుకుని ఏడవడానికి కూడా సమయం లేదు, పొద్దు గూకితే మందు పోతుంది. చెయ్యి వణికితే మందు కారిపోతుందని ఆయన ఏడుపు మింగేసి ఒక్కో చెయ్యీ పట్టుకుని టీకా వేశారు. చివరి చెయ్యి గూడెం పెద్దాయనది. అది అయ్యాక గాని ఆయన నోరు తెరిచి ఏడవలేదు. ఈదమ్మ మనవరాలు మొహం మీద మచ్చలతో బతికింది. ఆ ఏడు ఆ గూడెంలో మశూచి ఇంకెవర్నీ తీసుకుపోలేదు.

మర్నాడు తీతు గారు తన కాళ్ళ చెప్పులు విప్పి ఎల్లమంద పాదాలకి తొడిగారు. వాచిన కాలికి వారు వదులు చెయ్యాల్సి వచ్చింది గానీ, రెండో కాలికి సరిగ్గా సరిపోయింది. ఆ సంగతి ఎల్లమందకే తెలియదు చూడండి. గూడెంవాళ్ళు వెదురుపాడె కట్టి భుజాన ఎత్తుకున్నారు. ఎన్నడూ కొండ దిగని మనుషులు, ఊరంటేనే హడలిపోయే మనుషులు, ఆడా మగా అందరూ దిగి వచ్చారు. తీతు గారు ఒట్టి కాళ్ళతో కుంటుకుంటూ వెనక నడిచారు. ఎత్తుకుంటామంటే వద్దన్నారు.

పల్లెకి పోవాలంటే పెద్దవీధిలోంచే పోవాలి. కాళ్ళకి చెప్పులతో ఎల్లమంద పెద్దవీధిలో వస్తున్నాడు. అరుగులమీద ఉన్నవాళ్ళంతా చూశారు. ఆనాడు గద్దించిన మునసబు మనిషి కూడా చూశాడు. అరుగుమీంచి లేచి నిలబడ్డాడు.

కోటమ్మ పాడె పక్కన చాలాసేపు కూర్చుంది. ఆయన మొహం చూసింది, చేతులు చూసింది, చివరికి కాళ్ళు చూసింది. వంగి, కుడికాలి చెప్పు విప్పి చేతిలోకి తీసుకుంది. ఎందుకమ్మా, బతికుండగా ఊరు తొడగనివ్వలేదు, ఇప్పుడన్నా ఉండనియ్యి అన్నారు తీతు గారు.

"ఇది పలికే చెప్పయ్యగారూ. మట్టిలో పెడితే ఎవురు ఇంటారు? కొండమీద ఇంకా రెండు గూడేలున్నాయి, మీరు పోవాల." ఎడమకాలి చెప్పు వైపు చూసింది. "అది పలకదు. అది ఆయనకి ఉండనీండి."

అలాగే పూడ్చారు. ఎడమకాలికి చెప్పుతో, కుడికాలు ఒట్టిగా. మూడోరోజున కోటమ్మ ఆరె పట్టుకుంది. అంతకుముందు ఎన్నడూ తోలు కుట్టని మనిషి. వేళ్ళు చిల్లులు పడ్డా మానకుండా, ఆ కుడిచెప్పుకి జతగా పలకని ఎడమచెప్పు కుట్టింది. తీతు గారు అవి తొడుక్కుని రెండో గూడేనికి పోయారు, మూడో గూడేనికి పోయారు. ఆయన వెళ్ళకముందే కబురు వెళ్ళింది. ఎక్కడా మనిషి పారిపోలేదు.

ఇప్పటికీ ఆ కొండపల్లెల్లో ఉపదేశికి చెప్పులు కుడితే ఒక్క కాలికే కిర్రు పెడతారు. మాట తప్పని మనిషి కనపడితే ఒంటికిర్రు మనిషి అంటారు. ఆదివారం పొద్దున ఆ ఒంటికిర్రు వినపడగానే ఏ పనిలో ఉన్నా వదిలేసి, గుడి దగ్గర కాదు, దారి మలుపు దాకా ఎదురు పోతారు.

ఎదురు పోతూ పిల్లలు ప్రతిసారీ అడుగుతారు, ఒక కాలు పలుకుతుంది, రెండో కాలు ఎందుకు పలకదని. తల్లులు ప్రతిసారీ ఒకటే చెబుతారు. పలికే అడుగు ఉపదేశిది. పలకని అడుగు ఎల్లమందది. ఆయన ఒట్టి కాళ్ళతో పక్కనే నడుస్తున్నాడు, అందుకని చప్పుడు కాదు.